నాన్న కారులో ఏసీ పీకేశాం

మార్చి నెలాఖర్లో ఖమ్మంలో ఎవరైనా ఏసీ బాగు చేయించుకుంటారు. మేం ఉన్న ఏసీని పీకించాం. అదీ కారులోది. మా వీధి చివరింటి తాతయ్య అయితే ఆగి మరీ అడిగాడు. "ఏరా, హైదరాబాద్‌లో అంత ఉద్యోగం చేస్తున్నావ్, నాన్నకి కారులో ఏసీ కూడా ఉంచవా?" అని.

ఆ రోజు నవ్వేసి ఊరుకున్నా. ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదది. పైగా నాకే అప్పటికి పూర్తి జవాబు తెలీదు. ఒక ఎండాకాలం, సగం వానాకాలం గడిచాయి కాబట్టి ఇప్పుడు చెప్పగలను.

ముందు కారు సంగతి. 2004 మోడల్, పెట్రోల్, చిన్న కారు. నాన్న 2009లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. నేనప్పుడు ఏడో తరగతి. మా చుట్టాల్లో మొదటి 'ఏసీ కారు' మాదే. కొన్న రోజు సాయంత్రం అద్దాలన్నీ ఎత్తేసి, ఏసీ ఫుల్లుగా పెట్టి, ఇంటిల్లిపాదీ వైరా రోడ్డు మీద ఓ రౌండు కొట్టాం. అమ్మ చలేస్తోందని కొంగు కప్పుకుంది. తిరిగొచ్చాక నాన్న ఇంటి ముందు కూడా అయిదు నిమిషాలు ఏసీ ఆపలేదు. ఎవరైనా చూస్తారేమో అని!

ఆ తర్వాత ఏసీ వేసింది తక్కువే. చుట్టాలు ఎక్కితేనే ఆన్. "ఏసీ వేస్తే మైలేజీ పడిపోద్దిరా" అనేది నాన్న సిద్ధాంతం. ఆయన ఎరువుల కొట్టు మిర్చి యార్డు దగ్గర. ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి ఇంటికి, నెలకోసారి మా ఊరికి. అంతే ఆ కారు ప్రపంచం.

రెండేళ్ల కిందట ఏసీ పూర్తిగా చచ్చిపోయింది. ఎవరం పట్టించుకోలేదు. ఎలాగూ వాడనిది, ఉంటే ఎంత, పోతే ఎంత అనుకున్నాం. అక్కడే పప్పులో కాలేశాం.

ఆఫ్‌లో ఉన్నా అరిచింది

ఈ సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు కారు స్టార్ట్ చేస్తే బానెట్ లోపల్నుంచి ఒకటే గరగర. మిక్సీలో గోళీలు వేసి తిప్పినట్టుంది. మెకానిక్ అన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజిన్ దగ్గర ఒక్కో భాగానికీ ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. డాక్టర్ స్టెతస్కోప్ పెట్టినట్టే. చివరికి తేల్చాడు. "ఏసీ కంప్రెసర్ పుల్లీ బేరింగ్ పోయింది తమ్ముడూ."

నాన్నకి నచ్చలేదు. "మేం ఏసీ వేసి రెండేళ్లయింది. ఆఫ్‌లో ఉన్నది ఎట్లా అరుస్తది?"

మంచి ప్రశ్నే. మనలో చాలామందికి ఉండే అనుమానమే ఇది. కారు ఏసీ కరెంటుతో నడిచే ఇంటి ఏసీ లాంటిది కాదు. మామూలు పెట్రోల్, డీజిల్ కార్లలో దాని కంప్రెసర్‌ని ఇంజినే బెల్టుతో తిప్పుతుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఆ బెల్టు, దాంతోపాటు కంప్రెసర్ ముందున్న పుల్లీ తిరుగుతూనే ఉంటాయి. మనం ఏసీ బటన్ నొక్కితే ఒక అయస్కాంతం పనిచేసి, తిరుగుతున్న పుల్లీకి కంప్రెసర్ ఇరుసుని అతికిస్తుంది. అదే మ్యాగ్నెట్ క్లచ్. బటన్ నొక్కగానే 'టక్' అని వినిపిస్తుందే, ఆ చప్పుడు దీనిదే. బటన్ ఆపేస్తే ఇరుసు ఆగుతుంది. పుల్లీ మాత్రం ఖాళీగా తిరుగుతూనే ఉంటుంది, ఓ బేరింగ్ మీద. కాబట్టి ఏసీ వాడినా వాడకపోయినా ఆ బేరింగ్ అరుగుతూనే ఉంటుంది. మా కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఆ బేరింగూ అంత దూరానికీ తిరిగిందన్నమాట.

కార్లలో ఫ్యాక్టరీ నుంచే ఏసీ అమర్చి ఇచ్చిన మొదటి కంపెనీ అమెరికాలోని ప్యాకార్డ్. 1940 మోడల్ కార్లతో మొదలుపెట్టింది. అందులో ఈ క్లచ్ లేదు. ఇంజిన్ ఆన్‌లో ఉంటే ఏసీ కూడా నడుస్తూనే ఉండేది. ఏసీ వద్దనుకుంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, చేత్తో బెల్టు ఊడదీయాలి. ఈ ముక్క చదివినప్పుడు నవ్వుకున్నా. ఆ సాయంత్రం మా మెకానిక్ అన్న చేసిందీ అదే. మా కారులో ఏసీకి వేరే బెల్టు ఉంది కాబట్టి దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. గరగర ఆగిపోయింది. ఖర్చు సున్నా.

ఊడదీయకపోతే ఏమయ్యేది? బేరింగ్ ఏదో ఒక రోజు బిగుసుకుపోతుంది. బెల్టు తెగుతుంది. తెగిన బెల్టు ముక్క పక్క బెల్టులో చిక్కుకుంటే అదీ పోతుంది. ఆ పక్క బెల్టు తిప్పేది డైనమోని, వాటర్ పంపుని. అవి ఆగితే బ్యాటరీకి చార్జింగ్ ఉండదు, ఇంజిన్‌కి చల్లని నీళ్లు తిరగవు. అరవై మూడేళ్ల నాన్న, రాత్రి పూట, మా ఊరి దారిలో... ఆ పైన ఊహించుకోవడం మానేశా.

26 వేలా, 35 వేలా?

బెల్టు తీశాం కదా, ఇక అలా వదిలేయొచ్చు. చాలామంది వదిలేస్తారు కూడా. కానీ ఇంకో గొడవ ఉంది. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతోందని నాన్న ఎప్పట్నుంచో అంటున్నాడు. బంపర్ సందులోంచి టార్చ్ వేసి చూస్తే కారణం కనపడింది. ఏసీ కండెన్సర్ సరిగ్గా రేడియేటర్ ముందు ఉంటుంది. గ్రిల్ నుంచి వచ్చే గాలి ముందు దాన్ని దాటి, తర్వాతే రేడియేటర్‌కి తగలాలి. మా కండెన్సర్ రెక్కల నిండా ఇరవై ఏళ్ల మట్టి, పురుగులు, పత్తి పింజలు. సగం రెక్కలు వంగి మూసుకుపోయాయి. అంటే పనిచేయని ఏసీ, పనిచేస్తున్న రేడియేటర్‌కి ఊపిరాడనివ్వట్లేదు.

ఇక రెండే దారులు. మొత్తం బాగు చేయించాలి, లేదా మొత్తం తీసేయాలి.

కార్ల ఏసీలే చేసే ఓ పెద్దాయన దగ్గరికెళ్లాం. ఊళ్లో అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన చిత్తు కాగితం మీద లెక్క రాసిచ్చాడు. రీకండిషన్ చేసిన కంప్రెసర్ 9000, కండెన్సర్ 4500, కూలింగ్ కాయిల్ 3500, డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు కలిపి 1500, పైపులు 2000, గ్యాస్ 1500, లేబర్ 4000. మొత్తం 26,000. అదే రోజు కార్ల కన్సల్టెన్సీలో అడిగితే కారు మొత్తానికి 35,000 ఇస్తామన్నారు.

"కారు అమ్మేసి కొత్తది కొందాం నాన్నా, ఈఎంఐ నేను కడతా" అన్నా.

"నాకెందుకురా కొత్తది? ఇది నా చెయ్యి ఎరిగిన బండి" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర లెక్క లేదు.

అలా పీకేయడానికి ఫిక్సయ్యాం.

గ్యాస్ అయిపోదు

నేను రాసేదాంట్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

లైన్లో ఇంకా గ్యాస్ ఉందా అని చూడ్డానికి బాబాయ్ గేజ్ పెట్టాడు. కొంచెం ఉంది. ఇలాంటప్పుడు కొన్ని షెడ్లలో ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. వాల్వు పిన్ను నొక్కి 'ఉష్ష్' మని గాల్లోకి వదిలేస్తారు. రెండు నిమిషాల పని. నేను వద్దన్నా. బాబాయ్ దగ్గర గ్యాస్‌ని వెనక్కి లాగి సిలిండర్‌లోకి నింపే రికవరీ మెషీన్ ఉంది. దానికి 500 అదనం అన్నాడు. సరేనన్నా.

"ఇంత గ్యాస్‌కి అయిదొందలా?" అని నాన్న గొణిగాడు.

మెషీన్ చూపించింది 180 గ్రాములు. ఆ కారులో పట్టేది 500 గ్రాములు. మరి మిగతా 320 ఏమైంది? బాబాయ్ నవ్వి అన్నాడు, "అయిపోలేదు సార్, పోయింది."

కారు ఏసీలో గ్యాస్ పెట్రోల్ లాంటిది కాదు. అది ఖర్చు కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి, అక్కడ్నుంచి డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, కూలింగ్ కాయిల్, మళ్లీ కంప్రెసర్. గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది, కూలింగ్ కాయిల్‌లో వేడి పీల్చుకుని మళ్లీ ఆవిరవుతుంది. ఏళ్ల మీద రబ్బరు గొట్టాల నుంచి, సీళ్ల నుంచి కాస్త తగ్గడం మామూలే. కానీ ప్రతి ఎండాకాలం నింపాల్సి వస్తోందంటే గ్యాస్ తగ్గలేదు, లీకేజీ ఉంది. నాన్నని అడిగితే "నాలుగైదుసార్లు పట్టించా" అన్నాడు. ప్రతిసారీ గ్యాస్ కొట్టిన వాళ్లున్నారు గానీ లీకెక్కడో వెతికిన వాళ్లు లేరు.

మా కారులో ఉన్నది ఆర్-134ఏ. అంతకుముందు కార్లలో ఆర్-12 వాడేవాళ్లు. అది ఓజోన్ పొరకి చిల్లు పెడుతోందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మెల్లగా ఆపేశారు. ఆర్-134ఏ వల్ల ఓజోన్‌కి బాధ లేదు. కానీ భూమిని వేడెక్కించడంలో ఇది కార్బన్ డై ఆక్సైడ్‌కి, వందేళ్ల లెక్కలో, సుమారు 1430 రెట్లు.

ఇంజినీరింగ్ చదివిన పాపానికి లెక్కేశా. నాలుగుసార్లు, సారికి 400 గ్రాములు అనుకుందాం. 1.6 కిలోలు. 1430తో గుణిస్తే దాదాపు 2300 కిలోల కార్బన్ డై ఆక్సైడ్‌తో సమానం. ఒక లీటరు పెట్రోల్ కాలితే వచ్చేది సుమారు 2.3 కిలోలు. అంటే వెయ్యి లీటర్ల పెట్రోల్! నాన్న ఏడాదికి కొట్టించేది మూడొందల లీటర్లకి మించదు. మైలేజీ పోతుందని పదిహేనేళ్లు ఏసీ వేయకుండా చెమటలు కార్చిన మనిషి, మూడేళ్ల పెట్రోల్ కాల్చినంత పని ఆ చిన్న లీకుతో చేయించాడు. పాపం, ఆయనకెవరూ చెప్పలేదు.

లెక్క చెప్పాక నాన్న అయిదొందల గురించి మళ్లీ ఎత్తలేదు.

ఇలాంటి గ్యాసుల్ని తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. మన దేశం 2021లో ఆమోదించింది. 2032 నుంచి మెట్లుమెట్లుగా తగ్గించుకుంటూ 2047 నాటికి 85 శాతం తగ్గించాలన్నది మన లక్ష్యం. అందాకా మన చేతిలో ఉన్నది లీకు వెతికించడం, గాల్లోకి వదలనీయకపోవడం.

మిర్చి ఘాటు

గ్యాస్ తీశాక అసలు పని. షెడ్డులో ఒక శనివారం మొత్తం పట్టింది. నేను ఫొటోలు, స్పానర్ అందించడం. మెకానిక్ అన్న విప్పడం. నాన్న పర్యవేక్షణ.

మా ఆఫీసులో పాత కోడ్ తీసేసేటప్పుడు ఒక పద్ధతి ఉంది. తీసే ప్రతి ముక్కా ఎక్కడ అతుక్కుని ఉందో ముందు రాసుకుంటాం, అవసరమైతే వెనక్కి పెట్టేలా. ఇక్కడా అదే చేశా. విప్పే ముందు ప్రతి చోటా ఫొటో. బోల్టులన్నీ వేర్వేరు మాత్రల కవర్లలో వేసి పైన మార్కర్‌తో పేరు. అమ్మ దాచిన మందుల కవర్లు అలా పనికొచ్చాయి.

కంప్రెసర్ నాలుగు బోల్టుల్లో మూడు తేలిగ్గా వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి కదల్లేదు. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, టీ తాగొచ్చి, మళ్లీ కొట్టి, ఇంకో టీ తాగాం. వచ్చింది. చేత్తో పట్టుకుంటే తెలిసింది, అయిదు కిలోల పైనే ఉంది. దాని బ్రాకెట్ తీసేముందు మెకానిక్ అన్న ఆగి చూశాడు. కొన్ని బండ్లలో డైనమో కూడా అదే బ్రాకెట్‌కి ఉంటుందట, అప్పుడు దాన్ని తీయకూడదు. మాది విడిగానే ఉంది.

కండెన్సర్ బయటికొచ్చాక రేడియేటర్ మొహం ఇరవై ఏళ్ల తర్వాత వెలుతురు చూసింది. నీళ్లతో మెల్లగా కడిగాం. పక్కన గాలి తప్పించుకోకుండా ఉండే రబ్బరు పట్టీలు మళ్లీ పెట్టాం. లేకపోతే గాలి రేడియేటర్ గుండా పోకుండా పక్కదారి పడుతుంది. ముందు నుంచి రాళ్లు తగలకుండా ఓ జాలీ కట్టాం.

తర్వాత లోపల, గ్లవ్ బాక్స్ వెనక ఉండే కూలింగ్ కాయిల్ పెట్టె. దాన్ని విప్పగానే మెకానిక్ అన్న తుమ్మాడు. తర్వాత నేను. తర్వాత నాన్న. ఆగకుండా పది నిమిషాలు ముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం. కాయిల్ రెక్కల మధ్య ఎర్రగా, అట్టలు కట్టిన దుమ్ము. మిర్చి యార్డు ముందు పదిహేనేళ్లు తిరిగిన కారు కదా! బ్లోయర్ వేసినప్పుడల్లా అమ్మ "నాకీ కారు పడదు" అని ఎందుకు అనేదో ఆ రోజు అర్థమైంది.

ఆ పెట్టె తీసేస్తే బ్లోయర్‌కి, హీటర్‌కి మధ్య ఖాళీ వస్తుంది. గాలి డాష్‌బోర్డ్ వెనకే పోతుంది, మన మొహానికి రాదు. అదృష్టం కొద్దీ ఈ మోడల్‌లో ఏసీ లేని రకం కూడా వచ్చింది. అందులో ఆ ఖాళీలో ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. పాత సామాన్ల కొట్టులో 150కి దొరికింది. వైర్లని కోయలేదు. ఏసీ ఫ్యూజు, రిలే తీసి, కనెక్టర్ల మూతులకి టేపు చుట్టి పక్కకి కట్టేశాం.

ఆ ఊపులో మెకానిక్ అన్న హీటర్ గొట్టాల మీద చెయ్యేశాడు. "ఇదీ తీసేద్దామా సార్? ఖమ్మంలో హీటర్ ఎవడికి కావాలి?"

నేను సరే అనబోయా. నాన్న మాత్రం "అది ఉండనీ" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

బటన్ విషయంలోనూ అంతే. డాష్‌బోర్డ్ మీద ఏసీ బటన్ తీసి మూత పెడదామంటే, "ఉండనీరా, అది ఏం తింటుంది?" అన్నాడు.

పీకినవన్నీ తూకం వేస్తే 15 కిలోల 800 గ్రాములు. కంప్రెసర్ నూనె ఓ సీసాలో పట్టి, మురిక్కాలవలో పోయకుండా, పాత ఇంజిన్ ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చాం.

ఏం వచ్చింది, ఏం పోయింది

వచ్చింది ముందు చెప్తా. గరగర పోయింది. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో కూడా వేడి ముల్లు సగం దాటలేదు. బ్లోయర్ గాలి రెట్టింపయింది, ఘాటు లేకుండా.

మైలేజీ? అందరూ అడిగేది ఇదే. పెరగలేదు. పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏసీ ఆఫ్‌లో ఉన్నప్పుడు కంప్రెసర్ ఇంజిన్ మీద మోపే భారం చాలా కొంచెం. 700 కిలోల బండిలో 16 కిలోలు తగ్గడం అంటే రెండు శాతం పైచిలుకు. నాన్న డైరీలో రాసే మైలేజీ లెక్కలో ఆ తేడా కనపడనే లేదు.

పోయింది చల్లదనం. అది తెలిసే వదులుకున్నాం అనుకున్నా, కానీ నా తరఫున నేనే ఒప్పేసుకున్నా. మే నెలలో అమ్మని మధ్యాహ్నం రెండింటికి థైరాయిడ్ చెకప్‌కి తీసుకెళ్లాల్సి వచ్చింది. అద్దాలు దించితే వడగాలి, ఎత్తితే ఉక్క. అమ్మ ఏమీ అనలేదు. తడి తువ్వాలు మెడకి చుట్టుకుని కూర్చుంది. ఆ మౌనం నాకు బాగా తగిలింది. పీకే ముందు నాన్నని అడిగా, మెకానిక్‌ని అడిగా, బాబాయ్‌ని అడిగా. వెనక సీట్లో కూర్చునే మనిషిని అడగలేదు. అప్పట్నుంచి ఎండాకాలం చెకప్‌లు పొద్దున్నే, కుదరకపోతే ఏసీ క్యాబ్. ఆ ఖర్చు నాది.

ఇంకోటి కూడా పోయింది. అది పోతుందని నాకు తెలియనే తెలియదు.

వానలో దొరికిపోయాం

ఆగస్టులో ఒక సాయంత్రం. సూర్యాపేటలో పెళ్లి చూసుకుని తిరిగొస్తున్నాం. నేను డ్రైవింగ్, పక్కన నాన్న, వెనక అమ్మ, పిన్ని. నలుగురం సగం తడిసే ఎక్కాం. ఊరు దాటగానే కుండపోత. అద్దాలన్నీ ఎత్తేశా. అయిదు నిమిషాల్లో ముందు అద్దం తెల్లగా అయిపోయింది. వైపర్ ఎంత తిప్పినా పోదు. లోపలి వైపు పట్టిన మంచు అది. చేత్తో తుడిస్తే రెండు క్షణాల్లో మళ్లీ పట్టేస్తోంది. ఎదురుగా లారీ లైట్లు, అద్దం మీద రెండు పెద్ద పసుపు మరకల్లా. రోడ్డు అంచు ఎక్కడో తెలీదు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, కాళ్లు వణికాయి. ఇండికేటర్ వేసి మెల్లగా ఓ పెట్రోల్ బంకు వెలుతురు పట్టుకుని లోపలికి తిప్పేశా.

ఇంతకాలం ఏ కారులోనైనా ఇలా అయితే ఏసీ బటన్ నొక్కేవాణ్ని. నిమిషంలో క్లియర్. ఎందుకు క్లియర్ అవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, ఆరబెడుతుంది. చల్లని కాయిల్ మీద గాలిలో తేమ నీళ్లుగా మారి కిందికి కారిపోతుంది. ఆపి ఉంచిన ఏసీ కారు కింద నీళ్లు చుక్కలు పడతాయే, అవే. ఆ పొడి గాలి అద్దానికి తగిలితే మంచు పోతుంది.

అసలు ఏసీ పుట్టిందే ఇందుకట. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌కి వేసవి తేమతో చిక్కొచ్చింది. కాగితం ఉబ్బి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. ఆ తేమని అదుపు చేయడానికి విల్లిస్ క్యారియర్ అనే పాతికేళ్ల ఇంజినీర్ ఒక యంత్రం డిజైన్ చేశాడు. మనుషుల్ని చల్లబరచడం అందులో లక్ష్యమే కాదు. నాలాంటి పాతికేళ్లు దాటిన ఇంజినీర్ ఒకడు, నూట ఇరవై ఏళ్ల తర్వాత, అది చేసే మొదటి పనేంటో తెలుసుకోకుండానే దాన్ని పీకేశాడు.

బంకులో ఆగాక నాన్న తాపీగా అన్నాడు. "హీటర్ వెయ్యి. గాలి అద్దం మీదికి తిప్పు. బయటి గాలి లోపలికొచ్చే మీట తియ్యి. నీ వైపు, నా వైపు అద్దాలు రెండేళ్లు దించుదాం."

ఆగస్టులో హీటరా అనుకుంటూనే వేశా. హీటర్‌కి ఏసీతో సంబంధం లేదు. ఇంజిన్‌లో వేడెక్కిన నీళ్లతోనే నడుస్తుంది. వెచ్చటి గాలి అద్దాన్ని వెచ్చబరుస్తుంది, వెచ్చని అద్దం మీద తేమ నిలవదు. కొద్దిగా దించిన అద్దాల్లోంచి లోపలి తడి గాలి బయటికి పోతుంది. రెండు మూడు నిమిషాల్లో అద్దం కింది నుంచి పైకి తేటపడింది. అందరికీ చెమటలు పట్టాయి. కానీ రోడ్డు కనపడింది.

"నీకెలా తెలుసు నాన్నా?"

"ఏసీ లేని అంబాసిడర్‌లో పదేళ్లు తిరిగా కదరా. అందుకే ఆ రోజు హీటర్ ఉండనీ అన్నా."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగలేదుగా."

మా ఆఫీసులో ఎవరూ వాడట్లేదని తీసేసిన చిన్న ఫంక్షన్ అర్ధరాత్రి సర్వర్‌ని పడగొట్టిన సందర్భాలు చూశా. అలాంటప్పుడు మేం పాత సీనియర్‌కి ఫోన్ చేస్తాం. ఇంట్లోనూ ఒక సీనియర్ ఉన్నాడని ఆ బంకులో తెలిసింది.

మీరూ పీకేయాలనుకుంటే

ఏసీ బాగు చేయించే స్తోమత ఉండి, కారుకి ఇంకా ఏడెనిమిదేళ్ల జీవితం ఉంటే పీకకండి. బాగు చేయించండి, లీకు వెతికించి మరీ. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు, గర్భిణులు రోజూ ఎక్కే కారైతే అసలు పీకకండి. బేరింగ్ అరుస్తున్నా వెంటనే ఏసీ పీకక్కర్లేదు. చాలా రకాల్లో బేరింగ్ ఒక్కటే మార్చొచ్చు, ముందు అది అడగండి.

అయినా పీకాలనుకుంటే, మీ కారులో ఏసీకి వేరే బెల్టు ఉందో, అన్నింటికీ కలిపి ఒకటే బెల్టు ఉందో చూడండి. ఒకటే అయితే ఊరికే కంప్రెసర్ తీసేస్తే కుదరదు. సరిపోయే పొట్టి బెల్టో, ఆ చోట ఖాళీ పుల్లీయో కావాలి. గ్యాస్‌ని రికవరీ మెషీన్ ఉన్న చోటే తీయించండి. సొంతంగా పైపులు విప్పకండి. ఆ గ్యాస్ చర్మానికి తగిలితే మంచు కాటు, మంటకి తగిలితే విషవాయువు. హీటర్ మాత్రం ముట్టుకోకండి. ముఖ్యంగా, ఆ కారులో ఎక్కే ప్రతి ఒక్కరినీ ముందు అడగండి. పాత కారు నడిపిన పెద్దాయన ఇంట్లో ఉంటే, ఆయన్ని రెండుసార్లు అడగండి.

పోయిన ఆదివారం మా మావయ్య కారెక్కాడు. ఎక్కగానే అలవాటుగా ఏసీ బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. నాన్న వైపు చూశాడు.

నాన్న రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా "గ్యాస్ అయిపోయింది బావా" అన్నాడు.

వెనక సీట్లోంచి నేను ఊరుకోలేకపోయా. "నాన్నా, గ్యాస్ అయిపోదు."